కమ్యూనికేషన్ స్కిల్స్‌లో యాభైకి నలభై ఎనిమిది

మొన్న గురువారం మా ఇంట్లో మామిడికాయ పచ్చడి మీద గొడవైంది.

మా ఆయన కిషన్‌కు ఆ రోజు ఫస్టు షిఫ్టు. పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, గోడవైపు తిరిగి, టిఫిన్ డబ్బాలో పచ్చడి పెట్టొద్దు అన్నాడట. ఆ సమయానికి నేను వంటింట్లో మిక్సీ వేసి ఉన్నాను. పచ్చడి పెట్టాను. అది కారి అన్నం, ఆలుగడ్డ కూర, డబ్బా, సంచీ అన్నీ ఎర్రబడ్డాయి. మూడు దాటాక ఇంటికొచ్చి ఆ సంచీ నా ముందు పెట్టాడు.

"చెప్పిన గద," అన్నాడు.

"నాకు వినవడలే," అన్నాను.

"వినవడకపోతే నేనేం జెయ్యాలె? చెప్పుడైతే చెప్పిన."

మా అత్తమ్మ లస్మవ్వకు పక్కన పిడుగు పడ్డా ఎవరో తలుపు కొట్టినట్టే వినిపిస్తుంది. ఆమె మంచం మీద నుంచే సాక్ష్యం చెప్పింది. కొడుకు చెప్పాడనీ, తాను స్పష్టంగా విన్నాననీ!

నేను ఓడిపోయాను. ఓడిపోతే పోయాను గానీ, సంచీ ఉతుకుతూ ఉతుకుతూ ఒక గొప్ప సూత్రం కనిపెట్టాను. చెప్పడం ఒక్కటే మనిషి పని. అవతలివాళ్లకు చేరిందా లేదా అన్నది అవతలివాళ్ల ఖర్మ! ఈ సూత్రాన్ని లోకమంతా ఒప్పుకుంటే మనుషుల మధ్య సగం మాటలు మిగిలిపోవూ?

మీరు నవ్వుతున్నారు. ఇది నా సొంత తెలివి అనుకుంటున్నారు. కాదండీ. మా అమ్మాయి చదివే కాలేజీలో ఈ సూత్రాన్ని మూడేళ్లుగా అమలు చేస్తున్నారు.

మా అమ్మాయి దీప. మాకు ఒక్కతే సంతానం. గోదావరిఖనిలోనే డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ పేరు చెప్పను, సారు పేరు అసలే చెప్పను. గొప్ప పనులు చేసేవాళ్లు పేరు కోరుకోరు. ఆయన చెప్పే సబ్జెక్టు పేరు మాత్రం చెబుతాను. కమ్యూనికేషన్ స్కిల్స్. అంటే నలుగురితో ఎలా మాట్లాడాలి, ఎలా వినాలి అని నేర్పే విద్య.

సారు వస్తారు. ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టరు తగిలిస్తారు. లైట్లు ఆర్పిస్తారు. పిల్లలవైపు వీపు పెట్టి, గోడమీద పడిన అక్షరాలను పైనుంచి కిందికి చదువుతారు. గోడకు పాఠం చెబుతున్నాడని కొందరు కుళ్లుకుంటారు. చెబితే తప్పేమిటి? గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అన్నారా? కాలేజీ పిల్లలకు చెవులుంటాయని ఏ పెద్దమనిషైనా ఎప్పుడైనా అన్నాడా?

ఒకరోజు స్లైడు మీద ఇలా ఉందట: మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడవలెను. సారు ఆ వాక్యాన్ని గోడ కళ్లలోకి చూస్తూ చదివారు. వెనక అరవై మంది తమ ఫోన్ల కళ్లలోకి చూస్తున్నారు. ఇంతకన్నా శ్రద్ధగా చూపు కలిపిన క్లాసు ఏ దేశంలో ఉంటుంది?

ప్రతి స్లైడు చివరా సారు "అర్థమైందా?" అని అడుగుతారు. అడగరని ఎవరైనా అంటే నేను ఊరుకోను. అడుగుతారు! ఆ ప్రశ్నకూ తర్వాతి స్లైడుకూ మధ్య తుమ్మడానికి కూడా వ్యవధి ఉండదని దీప అంటుంది. ఉండటం దేనికి? మొదటి బెంచీలో ఒకడు "ఎస్ సార్" అంటాడు. ఒక్కడికి అర్థమైతే అరవై మందికి అర్థమైనట్టే. మనం ఓటేసి ఒకణ్ణి పంపి, ఐదేళ్లు అతని నోటితోనే మాట్లాడటం లేదూ?

ఇక లాంగ్వేజ్ ల్యాబ్. ఇరవై హెడ్‌సెట్లు, ఇరవై కంప్యూటర్లు. కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పైనుంచి తనిఖీకి వస్తున్నారంటే కవర్లు విప్పుతారు, వాళ్ల కారు గేటు దాటగానే మళ్లీ తొడుగుతారు. మా అత్తమ్మ పెళ్లినాటి ఇత్తడి గంగాళం యాభై ఏళ్లుగా అటక దిగలేదు. విలువైన వస్తువును వాడి పాడుచేసుకునేంత తెలివితక్కువ వాళ్లమా మనం?

గ్రూప్ డిస్కషన్ కూడా ఉంది. దాన్ని రికార్డులో రాస్తారు. మొదటి విద్యార్థి ఇట్లన్నాడు, రెండో విద్యార్థి ఒప్పుకోలేదు, మూడో విద్యార్థి ఇద్దరికీ సర్దిచెప్పాడు. అరుపుల్లేవు, గొంతు నొప్పి లేదు, చర్చ ముగిసింది, సంతకం పడింది. మా కాలనీ నల్లా దగ్గర రోజూ పొద్దున జరిగే గ్రూప్ డిస్కషన్‌ను కూడా ఇట్లా రికార్డులో రాసుకునే ఏర్పాటుంటే ఎన్ని బిందెలు సొట్టలు పడకుండా ఉండేవి!

అన్నిటికన్నా నాకు నచ్చింది క్లాసు వాట్సాప్ గ్రూపు. దాని పేరు కూడా కమ్యూనికేషన్ స్కిల్సే. అందులో సారు ఒక్కరే మెసేజ్ పెట్టగలరు. మిగతావాళ్లు పెట్టకుండా సెట్టింగు చేశారు. పిల్లలు కావాలంటే బొటనవేలు చూపించవచ్చు. మా పెద్దలు నిశాని వేసిన రోజుల తర్వాత బొటనవేలికి మళ్లీ ఇంత గౌరవం దక్కడం ఇదే మొదలు.

నా చదువు సంగతి చెబితే మీకు తేడా తెలుస్తుంది. నేను పెద్దపల్లిలో బీఏ చదివాను. మా ఇంగ్లీషు మేడమ్ పాతకాలపు మనిషి. ఒక పేరా చెప్పి, ఆఖరి బెంచీలో కూర్చున్న పిల్ల కూడా దాన్ని తన సొంత మాటల్లో చెప్పేదాకా పక్క పేరాకు కదిలేది కాదు. పేరాకు ఒక పీరియడ్! సిలబస్ ఏ ఏడూ పూర్తి కాలేదు. ఆమె చేసిన నష్టం ఇంకా మోస్తున్నాను. పాతికేళ్లయినా ఆ పేరాలు గుర్తున్నాయి. మెదడులో ఎంత చోటు వృథా!

దీపకు అట్లాంటి బరువులేవీ లేవు. కమ్యూనికేషన్ స్కిల్స్‌లో యాభైకి నలభై ఎనిమిది. క్లాసు ఫస్టు. మూడేళ్లలో ఆ క్లాసులో ఆమె నోరు విప్పింది ఒకే ఒక్కసారి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ నలభై ఎనిమిదే మా కొంప ముంచింది.

కరీంనగర్‌లో ఒక కొత్త ప్రైవేటు దవాఖాన వాళ్లు రిసెప్షన్‌లో కూర్చోవడానికి డిగ్రీ పిల్లలను తీసుకుంటున్నారు. బుధవారం పెద్దపల్లిలో ఎంపిక. మార్కులు చూసి కాలేజీ వాళ్లు దీప పేరు పంపారు. అక్కడ చేయాల్సింది ఒక్కటే. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ల ముందు కూర్చుని తన గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాలి.

దీపకు ఆ ఉద్యోగం కావాలి. నోటితో అనలేదు గానీ క్యాలెండరులో బుధవారం చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసింది. నీలం చుడీదార్ ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించి, దాన్ని ఎవరూ ముట్టొద్దంది.

శుక్రవారం సాయంత్రం వరండాలో నిలబడి ప్రాక్టీసు మొదలుపెట్టింది. మా ఆయన కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. అత్తమ్మ మంచం మీద ఉంది. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. దీప చేతులు కట్టుకుని, కళ్లు పైకప్పు మీద పెట్టి, గడగడా అప్పజెప్పింది.

"మై ఫాదర్స్ నేమ్ ఈజ్ కిషన్. హి వర్క్‌డ్ ఇన్ ద మైన్. హి ఈజ్ నో మోర్. మై ఎల్డర్ బ్రదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ హిజ్ ప్లేస్."

మా ఆయన తన పేరు వినబడగానే కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. చాయ్ కప్పు పక్కన పెట్టి, మంచిగ చెప్పినవు బిడ్డా అన్నాడు. అత్తమ్మ మనవరాలి ఇంగ్లీషుకు దిష్టి తగులుతుందని మెటికలు విరిచింది. దీప సంతోషంగా తర్వాతి వాక్యానికి పోయింది. ఆ వరండాలో ఉన్న నలుగురిలో ఆ మాటలకు అర్థం తెలిసింది నాకొక్కదానికే. చెప్పిన పిల్లకు కూడా తెలియలేదు.

చిక్కుడుకాయలు పక్కన పెట్టి తెలుగులో చెప్పాను. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడనీ, చనిపోయాడనీ, ఆయన జాగలో ఆమె అన్న ఉద్యోగం చేస్తున్నాడనీ ఇప్పుడే మనకు తెలియజేసిందన్నాను.

మా ఆయన బాయి ప్రమాదాలను చూసిన మనిషి. చాయ్ కప్పు మళ్లీ చేతికి తీసుకున్నాడు.

"నేను సచ్చినంటే సరే. మరి ఈ అన్న ఎవడు? నా నౌకరి ఎవనికి పోయింది?"

దీప నాలుక కరుచుకుంది. రికార్డు తెచ్చి చూపించింది. అప్పజెప్పిందంతా నిజంగానే అందులో ఉంది. పక్కన ఎర్ర సిరాతో పెద్ద టిక్కు, కింద "గుడ్" అని సారు చేతిరాత.

అసలు సంగతి ఇది. పోయినేడు సంతోషి అని ఒక సీనియర్ పిల్ల రికార్డు చక్కగా రాసింది. ఆమె తండ్రి నిజంగానే లేడు. అన్నకు డిపెండెంటు ఉద్యోగం వచ్చింది. మా బొగ్గు ఊళ్లలో అట్లాంటి ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. సారు ఆ రికార్డును ఫోటోలు తీసి గ్రూపులో పెట్టి, ఇదే నమూనా, అందరూ ఇట్లాగే రాయండి, తేడా వస్తే సంతకం పెట్టను అన్నారు. పిల్లలు ఆజ్ఞ పాటించారు. తండ్రి పేరు మార్చారు, మిగతాదంతా దించారు. అరవై మంది తండ్రులు ఒకే వారంలో, ఒకే పేజీలో, ఒకే తీరుగా పోయారు. అరవై మందికీ అన్నలు పుట్టారు. అరవై చోట్లా సారు "గుడ్" అన్నారు. మొత్తం అరవై ఒక్క రికార్డుల్లో నిజం రాసింది ఆ సంతోషి ఒక్కతే.

దీన్ని తప్పు అంటారా మీరు? నేను అనను. సొంత బతుకు గురించి రాయమంటే పిల్లలు ఎన్ని తప్పులు రాస్తారో ఆలోచించండి. ఒకరికి తమ్ముడుంటాడు, ఒకరికి ఉండడు. ఒకరికి పాటలిష్టం, ఒకరికి పడుకోవడం ఇష్టం. ఇన్ని రకాల మనుషులను ఒక్క సారు ఎక్కడ దిద్దుతారు? అందరూ ఒకే మనిషి అయిపోతే దిద్దడం ఎంత సులువు!

అత్తమ్మకు ఈ సంగతి మూడుసార్లు గట్టిగా చెప్పాక ఎక్కింది. ఆమె లేచి, వంటింట్లోంచి ఉప్పూ ఎండు మిరపకాయలూ తెచ్చి, కొడుకు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ పావుగంట దగ్గాం. మిగతా యాభై తొమ్మిది మంది తండ్రులకు ఎవరు తీస్తారని కూడా అడిగింది.

దగ్గు తగ్గాక మా ఆయన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన బాయిలో హాలేజీ ఆపరేటరు. పైనుండి ఉక్కు తాడుతో కిందికి సామాను టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్లు, దింపడం, మళ్లీ గుంజడం ఆయన పని. ఆయనకు కింద ఎవరున్నారో కనపడదు. కిందివాళ్లకు ఆయన కనపడడు. మధ్యలో గంట ఒక్కటే.

"కింది నుంచి వాళ్లు గంట కొడ్తరు," అన్నాడు. "నేను ఎంటనే తాడు గుంజ. వాళ్లు ఎన్ని గంటలు కొట్టిండ్రో గన్నే మళ్ల తిరిగి కొడ్త. నేను విన్నది సరిగ్గ విన్ననని వాళ్లకు తెల్వాలె. గప్పుడే తాడు కదుల్తది. తిరుగు గంట లేకుంట గుంజితే మనుషులు పోతరు."

ఎంత వెనుకబడిన పద్ధతో చూశారా! ఒక మాటకు రెండుసార్లు గంట! ఆ తాడు గుంజే ఇంజను మా సారు చేతికిస్తే సెమిస్టరు మొదట్లో ఒక్కసారి గంట కొట్టి, ఆఖరిదాకా ఆగకుండా గుంజుతూనే ఉంటారు. తాడు చివర టబ్బు ఉందా, ఊడిపోయిందా అన్నది పరీక్షల వాళ్లు చూసుకుంటారు.

"నువ్వు క్లాసుల ఎప్పుడన్న తిరుగు గంట కొట్టినవా బిడ్డా?" అని మా ఆయన అడిగాడు.

అప్పుడు చెప్పింది దీప. ఫస్టియర్‌లో ఒకసారి లేచి నిలబడిందట. ఇంటర్వ్యూల స్లైడు నడుస్తోంది. సార్, మధ్యలో మాట గుర్తు రాకపోతే ఏం చేయాలె, అని అడిగింది. అది సిలబస్‌లో లేదు కూర్చో అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి మళ్లీ లేవలేదు.

"ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన," అంది, నా వైపు చూడకుండా. "సార్లను గట్ల అడ్గద్దు, సప్పుడు జెయ్యక సదువుకో అన్నది."

నాకు గుర్తులేదు. గుర్తులేని విషయాలకు రచయిత్రి బాధ్యత వహించదు.

శనివారం పొద్దున దీప నీలం చుడీదార్‌ను హ్యాంగరు మీంచి తీసి బీరువాలో పెట్టింది. పెద్దపల్లికి పోనంది. రెండు నిమిషాలు కాదు, రెండు ముక్కలు కూడా తనవి రావడం లేదంది. ఈ పిల్ల మూగది కాదండీ. చూసిన సినిమా కథ చెప్పమంటే చేతులు తిప్పుతూ విలన్ గొంతు కూడా పెట్టి చెబుతుంది. తన కథ చెప్పమంటేనే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

నేను రంగంలోకి దిగాను. బీఏ చదివిన తల్లి ఇంట్లో ఉండగా పిల్ల ఉద్యోగం పోతుందా? రెండు గంటలు కూర్చుని దీప గురించి రెండు పేజీలు ఇంగ్లీషులో రాశాను. తండ్రిని బతికించాను, అన్నను తీసేశాను. తనకు పుస్తకాలు చదవడం, రోగులకు సేవ చేయడం ఇష్టమని రాశాను. రోగుల సంగతి ఆమెను అడగలేదు. అడిగితే ఆలస్యమవుతుంది కదా! కాగితాలు ఆమె చేతిలో పెట్టి, అక్షరం తేడా రాకుండా బట్టీ పట్టమన్నాను. బుధవారం నేనే వెంట వస్తాననీ, లోపలికి రానిస్తే పక్కన కూర్చుని మాట అందిస్తాననీ చెప్పాను.

దీప బొటనవేలు చూపించలేదు గానీ, అంత పనీ చేసింది. తలూపింది.

సాయంత్రం పక్క క్వార్టరు యమున చక్కెర కోసం వచ్చి, ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా, అని దీపను అడిగింది. బుధవారం అన్నాను. ఏమేం అడుగుతారట అంది. రెండు నిమిషాలు మాట్లాడమంటారు అన్నాను. భయమైతుందా అంది. ఎందుకు భయం, మా దీపకు భయమేం లేదు అన్నాను. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. ఒక్కదాంట్లోనూ తడబడలేదు. ఆ ఇంటర్వ్యూ నాకైతే ఉద్యోగం అప్పుడే వచ్చేది. మా ఆయన వరండాలో పేపరు దించి నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు ఆలోచించలేదు.

ఆదివారం ప్లే డే. మా బొగ్గు ఊళ్లలో వారం సెలవును అట్లాగే అంటాం. ఆ ఒక్క మధ్యాహ్నమే నలుగురం కలిసి తింటాం. నాటుకోడి కూర, జొన్న రొట్టె. అత్తమ్మ రొట్టె తుంచుకుంటూ, పెద్దపల్లికి పోతున్నవా లేదా అని మనవరాలిని అడిగింది.

"ఎందుకు పోదత్తమ్మా," అన్నాను నేను. "కాయితాలు బట్టీ పడ్తంది. నేను గూడ..."

మా ఆయన రొట్టె పళ్లెంలో పెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు పెంచలేదు.

"అవ్వ అడిగింది నిన్ను కాదు సంధ్యా."

 దీప పళ్లెంలోకి చూస్తోంది. అత్తమ్మ దీప మొహంలోకి చూస్తోంది. మా ఆయన ఎవరివైపూ చూడటం లేదు. అంతసేపు మా ఇంట్లో ఎవరూ ఎవరి జవాబు కోసమూ ఆగిన గుర్తు నాకు లేదు. నాలుక చివర నాలుగు వాక్యాలు తయారుగా ఉన్నాయి, నాలుగూ మంచివే. వాటిని పట్టుకుని కూర్చుని ఉండగా నాకొక సంగతి తట్టింది. కాబట్టి చదివేవాళ్లకు నా మనవి, ఆ సారును ఎవరూ ఏమీ అనకండి. అరవై నోళ్లు మూయించడానికి ఆయనకు ల్యాప్‌టాపు, ప్రొజెక్టరు, చీకటి గది కావలసి వచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఒక్క నోరు మూయించడానికి నాకు కరెంటు కూడా అవసరం పడలేదు.

దీప తలెత్తింది.

"పోత నానమ్మా. బుధారం పొద్దుగాల బస్సుకు పోత. రికార్డుల ఉన్నది చెప్ప. అమ్మ రాసింది గూడ చెప్ప. నాకొచ్చింది చెప్త." కాసేపు ఆగింది. ఎవరూ అందించలేదు. "నడ్మల గుర్తు రాకపోతే, గుర్తొస్తలేదు, జర ఆగుండ్రి అని చెప్త. ఇంగొకటి. అమ్మ నా ఎంబడి రావద్దు."

మా ఆయన మళ్లీ రొట్టె అందుకున్నాడు. నేను కూర గిన్నె తీసి, అలవాటు కొద్దీ దీప పళ్లెంలో రెండు గరిటెలు వేయబోయి, చెయ్యి ఆపాను.

"ఎంత వెయ్యాలె?" అని అడిగాను.

దీప ఆలోచించింది. నేను గరిటె పట్టుకుని ఆగాను.